ముళ్ళు తీసిన బొమ్మ

గెడ్డపేటలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా ఒకరి మాటకి పూచీ పడాలంటే కాగితం రాయరు. భుజం మీది తువ్వాలు తీసి, మడత పెట్టి, చర్చిలో బల్ల మీద ఉంచుతారు. ఆ మాట నిజమని తేలిన రోజున తువ్వాలు మళ్ళీ భుజం ఎక్కుతుంది. అబద్ధమని తేలిందా, అది చర్చి నేల తుడిచే గుడ్డయిపోతుంది. తాతల నాటి నుంచీ ఉన్నదే. పై వీధి రైతులు చర్చికి రారు గాని, వాళ్ళూ ఈ పద్ధతిని మన్నిస్తారు. ఊళ్ళో గట్టు తగువులు సగం ఆ బల్ల మీదే తెగాయి.

సత్యం తన తువ్వాలు ఆ బల్ల మీద పెట్టింది కూతురి కోసం.

సంగతి నల్లకొండది. ఊరికి పడమటనున్న ఆ కొండ రాయి విరిస్తే లోపల నీలంగా మెరుస్తుంది. దాన్ని పగలగొట్టి పట్టుకుపోవడానికి ఒక కంపెనీ వచ్చింది. కొండకీ చర్చికీ మధ్య నాలుగు వరిమళ్ళూ, గెడ్డ అని పిలిచే ఒక వాగూ, అంతే అడ్డం. చర్చి ఆ కొండ రాయితోనే కట్టింది. మిషను దొరల కాలంలో ఊరి ఆడవాళ్ళు రాళ్ళు నెత్తిన మోసి, సున్నం దంచి కట్టుకున్నారు. కొండ వైపు గోడ తిత్లీ తుఫానుకి కదిలి పొట్ట ఉబ్బింది. కూలిపోలేదు, అలాగని తిన్నగానూ లేదు. అంగన్‌వాడీ కప్పు కూడా ఆ తుఫానుకే లేచిపోయింది. అది మళ్ళీ వెయ్యలేదు. అందుకని పిల్లల్ని చర్చిలోనే పెడుతున్నారు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆ ఉబ్బిన గోడ వారనే, అక్కడైతే చల్లగా ఉంటుందని, పిల్లలందరూ వరసగా పడుకుంటారు.

కంపెనీ మందు పేల్చేది కూడా మధ్యాహ్నమే. పొద్దున్నంతా రాతికి కన్నాలు వేసి మందు కూరడానికే సరిపోతుందట.

"నేల అదురు కొలిపించాం, భయం లేదు," అన్నాడు కంపెనీ తరఫున వచ్చిన దేవేంద్ర అనే ఆయన. "గాలిలో వచ్చే దెబ్బని కూడా లెక్క కట్టిస్తున్నాం. విజయనగరంలో కాలేజీ వాళ్ళు కంప్యూటర్లో కడుతున్నారు. అది రాగానే ఊరంతటినీ పిలిచి చూపిస్తాం."

ఆయన వెళ్ళాక ఊరు చర్చిలో కూర్చుంది.

"కంపెనీ ఏరుకున్న కాలేజీ కంపెనీ పాటే పాడతాది," అన్నాడు జగన్నాధం. అతను పై వీధి రైతు, బయట మెట్టు మీదే కూర్చుని వింటున్నాడు. సత్యానికి చిన్నప్పటి జత. ఇద్దరూ బావా అంటే బావా అనుకుంటారు.

అప్పుడు సత్యం లేచాడు. సత్యం లేస్తే ఊరు చెవి పెడుతుంది. ఎప్పుడూ మాట్లాడని మనిషి కదా మరి.

"ఆ లెక్క కడతన్నది మా షీబా," అన్నాడు. "మా మేనల్లుడు శాంతికుమార్ దగ్గరే కదా సదువుతన్నాది. నా గుంట అబద్దం ఆడదు. అది బాగున్నాదంటే బాగున్నట్టు. బాగోనేదంటే కంపెనీ మొహం మీదే అంటాది."

తువ్వాలు తీసి మడత పెట్టి బల్ల మీద ఉంచాడు.

"మరింకేటి," అన్నాడు జగన్నాధం. "బావ ఒంటి మీది బట్టే ఇచ్చీసినాడు."

జనం నవ్వారు. షీబా ఏ మాట చెప్తే ఊరు ఆ మాట మీద నిలబడాలని అనుకున్నారు. సత్యం ఉత్త భుజంతో ఇంటికి వెళ్ళాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి విజయనగరం వెళ్ళాడు. భార్య ఏసమ్మ అంబలికి సోడిపిండీ, ఎండు నెత్తళ్ళ చేపలూ మూట కట్టి ఇచ్చింది. నరసన్నపేటలో బస్సు ఎక్కితే నెత్తళ్ళ వాసనకి పక్కన కూర్చున్నాయన కిటికీ తీసేసి తల బయట పెట్టుకున్నాడు.

షీబా పనిచేసే గది చలిగా ఉంది. "ఈ చలి మన కోసం కాదు నాన్నా, యంత్రాల కోసం," అంది. గోడ వార బీరువాలంత యంత్రాలు రొద పెడుతున్నాయి. వాటిని ఆ కంపెనీయే ఇచ్చిందని కూడా చెప్పింది, మామూలుగా, దాచేది ఏముందన్నట్టు.

తెర మీద ఒక బొమ్మ చూపించింది.

"ఇదేటి, దుప్పటి ఆరేసినట్టున్నాది," అన్నాడు సత్యం.

"దుప్పటి కాదు, పేలుడు. మందు పేలితే గాలి ఒక గోడ లాగ ముందుకి తోసుకొస్తాది. షాక్ వేవ్ అంటాం. ఈ నిలువు గీత అదే."

"తిన్నగానే ఉన్నాది కదా."

"గాలి కదలకపోతే తిన్నగానే వస్తాది. మధ్యాన్నం మన కొండ మీది గాలి ఎలాగుంటాదో నీకు నేను సెప్పాలా?"

చెప్పక్కర్లేదు. ఎండకి కొండ కాగాక గాలి చుట్టలు చుట్టుకుంటూ దిగుతుంది. ఆ వేళప్పుడు గెడ్డపేటలో ఎవరూ ధాన్యం తూర్పారబట్టరు. విసిరిన పొట్టు విసిరిన వాళ్ళ మొహానికే వస్తుంది.

షీబా మీట నొక్కింది. తెర నిండా సుళ్ళు తిరిగాయి. పెద్ద సుడిలో చిన్న సుడి, దాని లోపల ఇంకా చిన్నది. వంశధార వరదలో వంతెన స్తంభాల వెనక నీళ్ళు తిరిగినట్టు. నిలువు గీత వచ్చి ఆ సుళ్ళలో దూరింది. దూరగానే వంకర పోయింది, నలిగింది, ఒక చోట వెనకబడింది, ఒక చోట ముందుకి దూకింది. బొమ్మ కింద ఇంకో గీత ఉంది. దెబ్బ ఎంత గట్టిగా తగులుతుందో చూపించే గీత. అది చాలామటుకు గుండ్రంగా, పల్లంగానే ఉంది గాని, అక్కడక్కడ తుమ్మముళ్ళ లాగ సన్నగా, పొడుగ్గా పైకి లేచింది.

"ఈ ముళ్ళేటే?"

షీబా మొహంలో నవ్వు పోయింది. "అవే నాన్నా నన్ను తినేస్తన్నవి. మొత్తం మీద సగటు చూస్తే దెబ్బ తక్కువే. మన గోడ ఓర్సుకుంటాది. కానీ సుళ్ళు ఆ అలని పోగు చేసి ఒక్కో చోటికి తోసేస్తాయి. అక్కడ దెబ్బ రెండింతలవుతాది. ఏ పూట ఎక్కడ దిగుతాదో ఎవరూ సెప్పలేరు. ఒకనాడు గెడ్డలో దిగుతాది. ఒకనాడు గోడ మీద దిగుతాది."

"అయితే బాగోనట్టే."

"ఆగు. ఆ ముళ్ళు గాలిలో ఉన్నవో, నా లెక్కలోంచి మొలిసినవో ఇంకా తేలలేదు."

సత్యం ఊరుకున్నాడు. ఊరుకుంటే ఆమె చెప్తుందని తెలుసు.

"గాలినంతా కంప్యూటర్ సూడలేదు. వల వేసినట్టు వేసి, ఎక్కడెక్కడ ముడి ఉన్నాదో అక్కడే లెక్క కడతాది. వల కన్ను పెద్దదైతే షాక్ దగ్గర లెక్క గింజుకుంటాది, దొంగ ముళ్ళు మొలుస్తాయి. అవి అణగడానికి కొంచెం గంజి పోస్తాం."

"గంజేటి?"

"నిజం గంజి కాదులే. గాలి కొంచెం సిక్కగా ఉన్నట్టు లెక్కలో రాస్తాం. నీళ్ళలో సెయ్యి తిప్పితే సుడి సాలాసేపు ఉంటాది, గంజిలో తిప్పితే ఉంటాదా? వెంటనే సచ్చిపోతాది. అందుకని షాక్ ఉన్న చోటే పొయ్యాలి. అంతటా పోసేసినామంటే సుళ్ళన్నీ పోయి బొమ్మ నున్నగా అయిపోతాది. సూడ్డానికి బాగుంటాది. అబద్దం."

"మరి దొంగదో నిజందో ఎలా తెలుస్తాది?"

"కన్ను సిన్నది సేసి మళ్ళీ వేస్తాను. దొంగవైతే పోతాయి. నిజమైనవైతే ఉంటాయి."

అంతలో శాంతికుమార్ వచ్చాడు. సత్యం అక్క కొడుకు. అక్క పోయాక ఆ పిల్లాడు సత్యం ఇంట్లోనే పెరిగాడు. షీబాని చంకనేసుకుని బడికి మోసినవాడు. ఇప్పుడు కాలేజీలో పెద్ద సారు.

"మావా, ఎప్పుడొచ్చినావు? మీ గుంట నీకు కూడా పాఠం సెప్పేస్తన్నాదేటి?"

"సార్, ఈ సాయంత్రం సన్నకన్నుది మొదలెడతాను," అంది షీబా.

బావని సార్ అంటుందేమిటని సత్యానికి నవ్వొచ్చింది. ముగ్గురూ వెళ్ళి టీ తాగారు. బస్సెక్కించేటప్పుడు శాంతికుమార్ వంగి సత్యం చెప్పుకి ఊడిన పట్టీ సరిచేశాడు. చిన్నప్పటి లాగే.

వరి పొట్ట మీదున్న రోజుల్లో ఫోన్ వచ్చింది. షీబా గొంతులో సంతోషం. పోయిన మేక దొరికితే ఉండేలాంటి సంతోషం.

"నాన్నా, పోలేదు. కన్ను సగానికి తగ్గించినాను, పోలేదు. ఇంకా తగ్గించినాను. అలాగే ఉన్నాయి. నిజం ముళ్ళే నాన్నా. నా లెక్కే తప్పేమో అని ఇన్నాళ్ళూ ఏడిసినాను."

"మరి ఊరికి సెప్పీమంటావా?"

"వద్దు. అందరినీ పిలిచే రోజు ఉంది కదా. నేనే వచ్చి బొమ్మ పెట్టి సెప్తాను."

అదీ సబబే అనిపించింది సత్యానికి. ఎవరి మాటకి పూచీ పడ్డామో వాళ్ళ నోటితోనే ఆ మాట రావాలి. ఏసమ్మకి చెప్పాడు, ఇంకెవరికీ చెప్పలేదు. జగన్నాధం నరసన్నపేటలో టీ కొట్టు దగ్గర అడిగాడు.

"ఏటి బావా, గుంట ఏటంటాది?"

"అదే వచ్చి సెప్తాది."

"నీ నోట్లో ముత్యాలేటైనా ఉన్నాయేటి, తెరిస్తే రాలిపోతాయని."

సత్యం నవ్వాడు. ఆ రోజుల్లో అతను తరచు నవ్వాడు. పొలం నుంచి వస్తూ చర్చిలోకి తొంగి చూసేవాడు. బల్ల మీద తువ్వాలు దుమ్ము పట్టింది. ఇంకెన్నాళ్ళులే, అనుకునేవాడు.

ఆ తర్వాత షీబా ఫోన్లు పొట్టివైపోయాయి. బాగున్నావా అంటే బాగున్నాను. తిన్నావా అంటే తిన్నాను. ముళ్ళ సంగతి సత్యం ఎత్తితే, "పనిలో ఉన్నాను నాన్నా, తర్వాత," అనేది. చదువు ఆఖరికి వచ్చింది కదా, పని ఎక్కువేమో అనుకున్నాడు.

ఒకనాడు మాత్రం తల్లితో చాలాసేపు మాట్లాడింది. ఊరు ఒప్పుకుంటే పెద్ద పండగ వెళ్ళిన వారంలోనే పని మొదలెడతామని కంపెనీ చెప్పింది. ఆ వారం ఏసమ్మని విజయనగరం వచ్చి తన దగ్గర ఉండమంది. కళ్ళు చూపిద్దాం, అక్కడ మంచి డాక్టరు ఉన్నాడు, కొన్నాళ్ళుండి వెళ్దువు గాని అంది.

"నా కళ్ళకేటైనాదే? సూదిలో దారం ఎక్కిస్తన్నాను."

"అయినా సూపించుకోవాలమ్మా. నాన్న కూడా వస్తే తీసుకురా."

"మీ నాన్న సర్చి ఒగ్గీసి వస్తాడేటి."

కళ్ళ సంగతి ఎలా ఉన్నా, కూతురు రమ్మందన్న సంతోషంలో ఏసమ్మ అప్పుడే సంచి తీసి రెండు చీరలు సర్దేసింది. సత్యం అదంతా విన్నాడు. అందులో ఆలోచించాల్సింది ఏదైనా ఉందని అతనికి తోచలేదు.

అనుకున్న రోజు వచ్చింది. బడి ఆవరణలో షామియానా వేశారు. ముందు వరస కుర్చీల్లో ఒక అధికారి, దేవేంద్ర, కంపెనీ వాళ్ళు. ఊరంతా చాపల మీద, ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. షీబా ముందు ఇంటికి వస్తుందని ఏసమ్మ పొద్దున్నే చేపల పులుసు పెట్టి కూర్చుంది. షీబా ఇంటికి రాలేదు. శాంతికుమార్‌తో కలిసి కంపెనీ జీపులో తిన్నగా షామియానా దగ్గరే దిగింది. తల్లిని చూసి తల ఊపింది. తండ్రి వైపు చూడలేదు.

తెర మీద బొమ్మ వచ్చింది.

సత్యం చూస్తున్నాడు. నిలువు గీత వచ్చింది, కొండ దాటింది, గెడ్డ దాటింది. కొంచెం వంగింది గాని నలగలేదు. కింద గీత నున్నగా, అరిగిపోయిన గులకరాయి వీపులాగ ఉంది. ఇంకా తర్వాత చూపిస్తారేమో అని ఆగాడు. తర్వాత ఏమీ లేదు.

"గోడకి ప్రమాదం ఎక్కడ మొదలవుతుందో అది ఈ ఎర్ర గీత," అన్నాడు శాంతికుమార్, పుస్తకంలో మాటల్లాంటి మాటల్తో. "దెబ్బ దీనికి బాగా కిందనే ఉంది. మధ్యాహ్నం వీచే అలజడి గాలిని కూడా లెక్కలోకి తీసుకున్నాం."

"సారు మాట ఇన్నాం," అన్నాడు జగన్నాధం. "మేం ఒప్పుకున్నది షీబమ్మ మాటకి. దాన్ని సెప్పమనండి."

షీబా లేచింది. "ఊరికి ప్రమాదం ఏమీ లేదు," అంది. "చర్చి గోడకి కూడా."

జనం మెడలు సత్యం వైపు తిరిగాయి. ఇద్దరు ముగ్గురు ఒప్పుకుంటున్నట్టు అప్పుడే చేతులు సగం ఎత్తారు.

సత్యం లేచి నిలబడ్డాడు.

"అమ్మా, ముళ్ళేవి?"

"మావా, అవి ఏంటంటే," అని శాంతికుమార్ మొదలెట్టాడు.

"నిన్ను కాదురా. దాని బొమ్మ నువ్వు మార్సేసినావు. నువ్వు ఊరుకో."

"బావ కాదు నాన్నా," అంది షీబా. "నేనే తీశాను. అవి లెక్కలో వచ్చిన తప్పులు. సరిచేశాను."

"గంజి పోసా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు, ముసలాడు కూటి సంగతి ఎత్తాడనుకుని. షీబా చప్పున తలెత్తి చూసి మళ్ళీ దించేసింది.

"కన్ను సన్నం సేసినా పోనేదన్నావు. నిజం ముళ్ళే అన్నావు, ఫోన్లో."

అప్పుడు షీబా మాట్లాడింది. ఇంట్లో మాట కాదు. సార్లతో మాట్లాడే మాట.

"నాన్నా, ఇది నీకు అర్థమయ్యే విషయం కాదు. నేను ఒకటి చెప్తే నువ్వు ఇంకొకటి అనుకున్నావు."

కుర్చీల వైపు నుంచి సన్నగా నవ్వులు వచ్చాయి. చాపల మీద ఎవరూ నవ్వలేదు గాని, ఎత్తిన చేతులు ఇంకా దిగలేదు.

నిజమేనేమో అనుకున్నాడు సత్యం. మూడో తరగతితో బడి మానేసిన మనిషి, ఆ బొమ్మలో ఏం చూశాడో ఏం విన్నాడో. పిల్ల అంత చదివింది, దానికి తెలీదా. ఇక కూర్చుందామనే అనుకున్నాడు. మోకాలు వంచుతూ ఆడవాళ్ళ వైపు చూశాడు. ఆ చివర, పందిరి గుంజ దగ్గర ఏసమ్మ ఉంది. అంత దూరం నుంచే అతని మొహంలో ఏం కదిలిందో పట్టేసి, కూకో, పోనీలే అన్నట్టు కళ్ళతో సైగ చేసింది.

సత్యం కూర్చోలేదు. ఏసమ్మ కళ్ళ వైపు అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఒక్కటి అడగతాను," అన్నాడు, కూతురి వైపు తిరిగి. "ఇది నాకు అర్థమయ్యేదే. కంపెనీ పని మొదలెట్టే వారానికి మీ అమ్మని ఇజీనారం ఎందుకు రమ్మన్నావు?"

శాంతికుమార్ షీబా వైపు తిరిగి చూశాడు. ఆ సంగతి అతనికీ తెలీదని ఆ చూపే చెప్పింది.

"కళ్ళు," అంది. "అమ్మ కళ్ళు చూపించడానికి."

"మీ అమ్మ ఇక్కడ కూకుని నా మొహం సదివేస్తన్నాది. ఆ కళ్ళకేటీ అవ్వనేదు."

ఆడవాళ్ళలోంచి మరిడమ్మ లేచింది. ఆమె అంగన్‌వాడీలో ఆయా. ఆమె మనవరాలు కూడా ఆ గోడ వారనే పడుకుంటుంది.

"మీ అమ్మని నువ్వు తీసుకెల్లిపోతావు తల్లీ," అంది మెల్లగా. "మా గుంటల్ని ఎవులు తీసుకెల్తారు?"

షీబా కంప్యూటర్ మూత దించేసింది. తెర నీలంగా అయిపోయింది. సగం ఎత్తిన చేతులు ఒకటొకటే దిగిపోయాయి. ఊరు ఒప్పుకోలేదని అధికారి రాసుకున్నాడు. వేరే వాళ్ళ చేత మళ్ళీ లెక్క కట్టించాలని, అంతవరకూ కొండ ముట్టుకోకూడదని చెప్పాడు. దేవేంద్ర ఫోన్ చెవిన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

జనం లేచి గుంపులుగా వెళ్తుంటే షీబా బడి గోడ దగ్గర తండ్రిని కలిసింది. ఇప్పుడు ఇంటి మాటే మాట్లాడింది.

"ఇన్నేళ్ళ సదువు నాన్నా. బావ సంతకం పెట్టకపోతే అంతా పోతాది. అవి లెక్కలో తప్పులని సెప్పు, ఎవరూ కాదనలేరు అన్నాడు. గంజి అంతటా పొయ్యమన్నాడు. నేనేటి సెయ్యను?"

సత్యం నేల చూస్తున్నాడు.

"అడగాలంటే ఇంట్లో అడగొచ్చు కదా. అందరి ముందరా నన్ను ఒలిసేసినావు."

"ఇంటికి వచ్చినావేటి?"

"నువ్వు నన్ను నమ్మలేదు."

"నిన్నే నమ్మినాను. ఫోన్లో సెప్పిన నిన్ను."

"అమ్మ గురించి ఆలోసించినాను కదా. నిన్ను కూడా రమ్మన్నాను."

"అదే తల్లీ," అన్నాడు సత్యం. "అదే. తెలీక సెప్పి ఉంటే నా తువ్వాలు పోయినా బాధ లేకపోను. మీ అమ్మకి దారి సూపించినావంటే నీకు తెలుసు. తెలిసి, నాకు అర్దం కాదన్నావు."

శాంతికుమార్ జీపు దగ్గర నిలబడి ఉన్నాడు. "మావా," అన్నాడు ఒకసారి. సత్యం అతని చెప్పుల వైపు చూశాడు, మొహం వైపు చూడలేదు. ఆ మనిషి తన కంచంలోనే తిని పెరిగాడు.

ఏసమ్మ ఇంటి నుంచి పరుగున వచ్చి, చేపల పులుసు క్యారేజీ జీపులో పెట్టి, ఒలకకుండా పట్టుకో అని కూతురికి చెప్పింది. జరిగిందానికీ దీనికీ సంబంధం లేదన్నట్టు. షీబా క్యారేజీ ఒడిలో పెట్టుకుంది. జీపు నరసన్నపేట రోడ్డు ఎక్కింది.

ఇంటికొచ్చాక ఏసమ్మ సంచిలోంచి ఆ రెండు చీరలూ తీసి దండెం మీద వేసింది.

మర్నాడు జగన్నాధం చర్చి మెట్ల దగ్గరికి వచ్చాడు. లోపలికి రాడు, మెట్టు మీద కూర్చుంటాడు.

"నీ తువ్వాలు నువ్వు తీసుకో బావా. పై వీధోలు, కింది వీధోలు అందరూ అనుకున్నాం. ఊరిని నిలబెట్టినావు."

"నేను పూచీ పడింది ఊరికి కాదు. దాని మాటకి."

"దాని మాట అబద్దమైనా నీ మాట నిజమైనాది కదరా."

"పద్దతి అలాగ నేదు."

"పద్దతి మనం పెట్టుకున్నదే."

"అందుకే," అన్నాడు సత్యం.

జగన్నాధం స్నేహితుడి మొహం చూసి, బీడీ ముట్టించుకుని గెడ్డ వైపు చూస్తూ కూర్చున్నాడు.

సత్యం లోపలికి వెళ్ళాడు. బల్ల మీది తువ్వాలు తీసి దుమ్ము దులిపాడు. ఎర్ర అంచున్న తువ్వాలు. షీబా మొదటిసారి కాలేజీ నుంచి వచ్చినప్పుడు నరసన్నపేటలో కొని తెచ్చింది. కాసేపు దాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత బావి దగ్గర నీళ్ళు తోడుకొచ్చి, తువ్వాలు బకెట్లో ముంచాడు.

పిల్లలు అన్నాలు తిని గోడ వార పడుకున్నారు. మరిడమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఒకసారి తలెత్తి చూసింది, వద్దని అనలేదు. కొండ మీంచి మధ్యాహ్నపు గాలి దిగి కిటికీ తలుపుల్ని కొట్టింది. సత్యం మోకాళ్ళ మీద కూర్చుని, పిల్లల కాళ్ళకి తడి తగలకుండా, బల్ల దగ్గర నుంచి గుమ్మం దాకా నేలంతా తుడిచాడు. గోడ దగ్గరికి వచ్చినప్పుడు ఉబ్బిన చోట ఒకసారి అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది.

మొహాన చెమట కారుతోంది. తుడుచుకుందామని చెయ్యి భుజం మీదికి పోయింది. తువ్వాలు బకెట్లో ఉంది.